ఏసీ బిగించే చేతికి అనుమతి ఉందా?



ఎండలు ముదిరాయంటే మన కొత్తగూడెం, భద్రాచలం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఒకప్పుడు తాటాకు పందిరితో, తడిపిన వట్టివేళ్ల తడికతో వేసవి వెళ్లదీసేవాళ్లం. ఇప్పుడు వాయిదాల మీదనైనా ఏసీ కొంటున్నాం. కొనేందుకు నాలుగు దుకాణాలు తిరుగుతాం, గట్టిగా బేరమాడతాం. బిగించడానికి వచ్చినతన్ని మాత్రం “బాబూ, నీకు లైసెన్సు ఉందా?” అని అడగం. ఇవాళ ఆ సంగతే చెప్పుకుందాం.

ఏసీ బిగించడంలో రెండు పనులున్నాయి: ఒకటి కరెంటు పని, రెండోది గ్యాసు పని. చట్టం ఈ రెండింటినీ ఒకేలా చూడదు.

ముందు కరెంటు సంగతి. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనూ, వాటి స్థానంలో 2010లో, మళ్లీ 2023లో వచ్చిన భద్రతా నిబంధనల్లోనూ మాట ఒకటే. పాడైన బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి తీసి అలాంటిదే మరొకటి పెట్టుకోవచ్చు. వైరింగు సామర్థ్యమో స్వరూపమో మారే పనైతే మాత్రం రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలి. యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి, పర్మిట్టు ఉన్న వైర్‌మన్ చెయ్యాలి.

మరి ఏసీ ఎందులోకి వస్తుంది? ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు ఏడెనిమిది ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మన చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లదే. ఫ్యాను వైరుకి అతుకు వేసి ఏసీ నడిపితే గోడలోపల వైరు వేడెక్కి, పైపూత కరిగి, మంటలు లేవవచ్చు. కాబట్టి మెయిన్ బోర్డు నుంచి విడిగా లావు వైరు లాగించాలి. అదిగో, అది లైసెన్సు కావలసిన పని. ఎర్తింగు సరిగా ఉందో లేదో అప్పుడే చూపించుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారితప్పినా సరఫరా ఆపేసే పరికరం బోర్డులో పెట్టించండి. వానలో బయటి పెట్టెను పిల్లలు ముట్టుకున్నప్పుడు కాపాడేవి ఈ రెండే. లోడు పెరుగుతుంది గనుక కరెంటాఫీసులో చెప్పి ఆ మేరకు మంజూరు చేయించుకోవాలి.

ఇంకొక మాట. మనది సరిహద్దు ప్రాంతం. భద్రాచలం ఈ రాష్ట్రంలో ఉంటే, పక్కనే ఉన్న ఎటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. అందుకని కాగితం ఏ రాష్ట్రానిదో, గడువు తీరిందో లేదో కూడా చూడండి.

ఇక గ్యాసు పని. దీనికి కరెంటు పనికి ఉన్నట్టు తప్పనిసరి లైసెన్సు మన దేశంలో లేదు. కనుక ఐటిఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ కోర్సు రెండేళ్లు చదివిన సర్టిఫికెట్టు అడగాలి. 2019లో కేంద్రం ప్రకటించిన శీతలీకరణ ప్రణాళిక కూడా లక్షమంది మెకానిక్కులకు శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఎందుకింత పట్టింపు అంటారా? ఇప్పటి ఏసీల్లో వాడే ఆర్-32 కొద్దిగా మండే గుణమున్న వాయువు. ఆర్-290 అయితే ప్రొపేను, మన వంటగ్యాసుకి చుట్టమే. తెలియని చేతిలో అది ప్రమాదం.

“గ్యాసు అయిపోయిందమ్మా, నింపుతా” అంటే వెంటనే తలూపకండి. మూసిన గొట్టాల్లో తిరిగే గ్యాసు వాడకంతో తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు పట్టుకుని, అతికి, లోపలి గాలిని పంపుతో లాగేసి, తూకం ప్రకారం నింపేవాడే పని తెలిసినవాడు.

కాగితం అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. నిజంగా నేర్చుకున్నవాడు సంతోషంగా చూపిస్తాడు. పదో తరగతి పాసైన ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఈ కోర్సు సంగతి ఆమెకీ చెప్పండి. వైర్‌మన్ అన్న పేరులోనే ‘మన్’ ఉంది గాని, ఆ పర్మిట్టు మగవాళ్ల సొత్తేం కాదు.

ఉంటానండీ, సెలవు.