అంచు మీద తాత పేరు

పాత పతకం వెండికి ఎంత పలుకుతుందో కంసాలి ఇట్టే చెప్పేస్తాడు. దాని అంచు మీది చిన్న అక్షరాలు ఏం చెబుతున్నాయో తెలియాలంటే మాత్రం ఓపిక కావాలి. ఉత్తరాంధ్రలో ఆ ఓపికకు బోలెడంత పని ఉంది!

ఒకవైపు కిరీటం లేని రాజుగారి తల. రెండోవైపు గుర్రం మీద ఒంటిమీద నూలుపోగైనా లేని మనిషి, గుర్రం కాళ్ల కింద పుర్రె, పక్కన 1914, 1918 అంకెలు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పాతకాలపు సైనికుడి ట్రంకుపెట్టె తెరిస్తే ఇలాంటి బిళ్ల కనిపించవచ్చు. పాత రూపాయి అనుకుని పక్కన పడేయకండి. అది మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవారికి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన యుద్ధ పతకం. అడ్డంగా 36 మిల్లీమీటర్లు ఉంటుంది. వెండివి దాదాపు 65 లక్షలు ఇచ్చారు కాబట్టి అరుదైనదేం కాదు. బరువులు మోసిన కూలీ దళాల్లాంటి వాళ్లకు వెండి కూడా దక్కలేదు. అదే పతకాన్ని కంచుతో పోసి ఇచ్చారు. అవి సుమారు 1,10,000. చిత్రమేంటంటే, ఒకప్పుడు తక్కువగా చూసిన ఆ కంచు బిళ్లల కోసమే సేకర్తలు ఇప్పుడు ఎక్కువగా వెతుకుతారు.

అసలు విషయం బొమ్మలో లేదు, అంచులో ఉంది. పతకాన్ని నిలువుగా పట్టుకుని వెలుతురులో మెల్లగా తిప్పితే చుట్టూ ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. నెంబరు, హోదా, పేరు, దళం... అంతే. నక్షత్రం ఆకారంలో ఉన్న 1914-15 స్టార్ అయితే పేరు వెనకవైపు ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తన సొంత సైనికులకు పేర్లు లేకుండానే పతకాలు పంపింది. భారత సైనికుల వాటి మీద మాత్రం ఎక్కువగా పేర్లు కొట్టించారు. మనవాళ్లకు వాళ్లకంటే మెరుగైన మర్యాద దొరికిన అరుదైన సందర్భం ఇది!

ఏ అప్పన్న?

పేరు దొరికింది కదా అని సంబరపడితే అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. సింహాద్రి అప్పన్న కొలువున్న నేల ఇది. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాచలం... ఊరికి పదిమంది. పతకం మీద ఇంటిపేరు తరచుగా ఉండదు. ఉన్న పేరైనా రాసుకున్న గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఉంటుంది. అందుకే పరిశోధకులు పేరు కంటే ముందు నెంబరునీ దళాన్నీ చూస్తారు. ఆ రెండూ కలిస్తేనే మనిషి దొరుకుతాడు.

తర్వాత చిక్కు జిల్లాది. పాత రికార్డుల్లో శ్రీకాకుళం జిల్లా కోసం వెతికితే దొరకదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. శ్రీకాకుళం 1950లోనూ, విజయనగరం 1979లోనూ జిల్లాలయ్యాయి. కాబట్టి మొదటి యుద్ధం నాటి టెక్కలి సిపాయిని గంజాంలో, పాలకొండ సిపాయిని వైజాగపటంలో వెతకాలి. శ్రీకాకుళాన్ని 'చికాకోల్' అని రాసేవారని కూడా గుర్తుంచుకోవాలి.

చనిపోయిన సైనికుల వివరాల్ని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. ఇలా వెతికేవాళ్లను నిలేసే చోటు ఒకటుంది... ఇరాక్‌లోని బస్రా స్మారకం. మెసొపొటేమియా పోరులో చనిపోయి, సమాధి కూడా తెలియని 40 వేల మందికి పైగా సైనికుల కోసం కట్టిందది. బ్రిటిష్ సైనికుల పేర్లను పలకల మీద చెక్కారు. భారతీయ సిపాయిలు వచ్చేసరికి దళానికి ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు! పేరుపేరునా స్మరించుకోవడంలో అన్యాయం జరిగిందని కమిషన్ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది 2021లో. అలాంటి సిపాయి పేరు లోహం మీద ఉన్న ఒకే ఒక్క చోటు, ఇంటికి వచ్చిన ఆ పతకం అంచే కావచ్చు.

చనిపోయినవారి కుటుంబాలకు పతకాలతోపాటు సుమారు 12 సెంటీమీటర్ల కంచు ఫలకం కూడా పంపారు. సింహం పక్కన నిలబడ్డ స్త్రీ బొమ్మ, సైనికుడి పేరు ఉంటాయి. హోదా ఉండదు. చావులో అంతా సమానమని కాబోలు!

కిరీటం కింద చక్రం

మద్రాసు పదాతి దళాలను 1920లలో ఎత్తేసిన ఆంగ్ల ప్రభుత్వానికి రెండో యుద్ధం ముంచుకొచ్చాక మళ్లీ మనవాళ్లు గుర్తొచ్చారు. 1941లో మద్రాస్ రెజిమెంటును తిరిగి నిలబెట్టారు. ఉత్తరాంధ్ర జనానికి బర్మా కొత్తేం కాదు. తరాలుగా రంగూన్ రేవుకు కూలికి వెళ్లినవాళ్లే. జపాన్‌తో పోరులో ఆ దేశంలో పనిచేసినవారికి బర్మా స్టార్ వచ్చింది.

ఆ సైనికుల్లో స్వాతంత్ర్యం తర్వాతా కొనసాగినవారి పట్టీలో ఓ తమాషా పతకం ఉంటుంది. 1947 ఆగస్టు 15 పేరిట ఇచ్చిన దాని రిబ్బను మూడు రంగులది. ఒకవైపు మన నాలుగు సింహాలు. రెండోవైపు అశోకచక్రం, దాని పైన బ్రిటిష్ కిరీటం!

పతకం అంటే యుద్ధమే కానక్కర్లేదు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. సవరల భాష నేర్చుకోవాలని కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయనకు 1930లలో కైజర్-ఇ-హింద్ బంగారు పతకం దక్కింది. ప్రజాసేవకిచ్చే ఆ పతకాన్నే 1915లో అందుకున్న గాంధీజీ 1920లో తిరిగి ఇచ్చేశారు.

ఇక విజయనగరం దగ్గర 1962లో మొదలైన కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయలో నేలకొరిగారు. మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు.

చింతపండు వద్దు

పతకాలకు పెద్ద శత్రువులు చింతపండు, ముగ్గు. తళతళలాడాలని తోమితే ముందు పోయేది అంచు మీది అక్షరాలే. రెండో శత్రువు వాటాలు. అన్నదమ్ములు ముగ్గురూ తలో పతకం తీసుకుంటే వాటిని మళ్లీ ఒకచోట చేర్చడం కష్టం. విడివిడిగా ఉంటే చరిత్రా సగమే తెలుస్తుంది, సేకర్తలిచ్చే విలువా తగ్గిపోతుంది. 1980 ప్రాంతంలో వెండి ధర ఆకాశానికంటినప్పుడు ప్రపంచమంతటా ఎన్నో యుద్ధ పతకాలు కరిగిపోయాయి.

కొనేవాళ్లకీ జాగ్రత్తలున్నాయి. పాత పేరు అరగదీసి కొత్త పేరు కొట్టే మోసగాళ్లుంటారు. అందుకే తెలిసినవారు కొలత పరికరంతో అంచు నుంచి అంచుకు కొలిచి చూస్తారు. 36 మిల్లీమీటర్లకు తగ్గితే అనుమానించాల్సిందే. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుల్ని అనుమతి లేకుండా దేశం దాటించడం 1972 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా మరవొద్దు.

ఇంట్లో పతకం ఉంటే ముందుగా అంచును కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీసుకోవాలి. డిశ్చార్జి కాగితం, పింఛను పుస్తకం ఉంటే దాంతోనే భద్రపరచాలి. స్వాతంత్ర్యం తర్వాత పనిచేసినవారి సంగతైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగొచ్చు. మద్రాస్ శాపర్స్ వాళ్లయితే బెంగళూరుకు, మద్రాస్ రెజిమెంటు వాళ్లయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కు నెంబరుతో సహా ఉత్తరం రాయాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే, తాత ఏ ఊరి నుంచి బండెక్కాడో ఆ ఊరి పేరు ఇవాళే అడిగి రాసి పెట్టుకోవాలి. అది ఏ అంచు మీదా ఉండదు.