ఒంటి తంత్రి, ఒంటి గొంతు

మైదుకూరు ప్రాంతమున ఒక పల్లెలో ఆరాధనోత్సవము జరుగుచుండగా ఒకప్పుడు మేము రికార్డు యంత్రముతో అచ్చటికి వెళ్ళితిమి. గుడి ముందు వేపచెట్టు, దాని క్రింద పందిరి. పందిరిలో డెబ్బది యేండ్లు దాటిన ఒక పెద్దాయన చేత ఏకతార పట్టుకొని కూర్చుండెను. ఆయన వెనుక కీబోర్డు వాయించు యువకు డొకడు, ప్యాడుపై తాళము కొట్టు యువకుడు మరియొకడు. పందిరి నాలుగు మూలల నాలుగు లౌడుస్పీకర్లు. పెద్దాయన తత్త్వము లెత్తుకొనెను. మాకు కీబోర్డు వినబడినది, ప్యాడు వినబడినది. ఆయన నోరు కదలుట మాత్రము కనబడినది. అర్ధరాత్రి దాటిన తర్వాత కరెంటు పోయెను. ఇక కార్యక్రమము ముగిసినదని తలచి మేము యంత్రమును సంచిలో పెట్టి కట్టితిమి. అది బ్యాటరీతో నడచు యంత్రమే!

పెద్దాయన లేచిపోలేదు. చీకటిలోనే తంత్రి మీటి, శ్రుతి సరిచూచుకొని, మరల పాడ నారంభించెను. జనము లేచిపోవుటకు మారుగా ముందుకు జరిగి కూర్చుండిరి. అంతవరకు పందిరి వెలుపల బీడీలు కాల్చుచున్నవారు కూడ లోపలికి వచ్చిరి. ఒక గంటసేపు ప్రతి మాటయు, మాటకు మాటకు నడుమ ఆయన తీసిన ఊపిరియు మాకు తెలిసినవి. సంచి మా ఒడిలోనే ఉండెను. దానిని తెరువవలెనను తలంపు మాకు తెల్లవారిన తర్వాత గాని కలుగలేదు.

ఆ రాత్రి మేము విన్నదేమి? పోగొట్టుకొన్నదేమి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు మేము కొన్ని సీమపాటలను, ఒక పరదేశపు పాటల సంపుటిని వినిచూచితిమి. అందువలన తెలిసిన నాలుగు మాటలు శ్రోతలతో పంచుకొనుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

తత్త్వము మన సీమకు కొత్తది కాదు. బనగానపల్లెలో పశువులు కాచి, కందిమల్లాయపల్లెలో మఠము నెలకొల్పిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరిట, ఆయన శిష్యుడు సిద్దయ్య పేరిట కర్నూలు, కడప మండలములలో నేటికిని తత్త్వములు పాడుచున్నారు. ఈ పాటకు కావలసిన సరంజామా స్వల్పము. ఏకతార యొక్క ఒంటి తంత్రి శ్రుతియగును. అదే తంత్రిని మీటు వ్రేలు లయయగును. చేతిలో చిడతలున్న సరే, లేకున్నను సరే. పగలెల్ల వేరుసెనగ చేనిలోనో బండల గనిలోనో పనిచేసి వచ్చినవారు రాత్రి తిన్నెపై కూర్చుండి వినవలసిన పాట యిది. మాట తెలియకున్న దీనికి ప్రయోజనము లేదు. మకుటము వచ్చినప్పుడు విన్నవారును గొంతు కలుపుదురు. కావున శ్రోత లిందులో ప్రేక్షకులు కారు, సగము గాయకులు.

ఇక తాళ్లపాక సంగతి. రాజంపేటకు సమీపమున నున్న ఆ గ్రామమున 1408లో జన్మించి, 1503లో పరమపదించిన అన్నమాచార్యులు వేలకొలది సంకీర్తనలు రచించెను. తిరుమల ఆలయములోని భాండాగారమున రాగిరేకుల రూపమున ఆ పాటలు శతాబ్దములపాటు నిలిచియుండెను. ఇరువదవ శతాబ్దిలో అవి వెలుగు చూచిన తర్వాత పండితులు పరిష్కరించి ప్రకటించిరి. ప్రతి పాటకును రాగము పేరు రేకుపై కలదు. స్వరము మాత్రము లేదు. అనగా సాహిత్యము దక్కినది, రాగపు పేరు దక్కినది, పాడిన తీరు దక్కలేదు. నేడు మనము వినుచున్న వరుసలు తర్వాతివారు కూర్చినవి. అనంతపురము మండలమున జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, 2025లో కీర్తిశేషులైన గరిమెళ్ల బాలకృష్ణప్రసాదుగారు మున్నగువారు తమ విద్వత్తుతో, భక్తితో వాటికి ప్రాణము పోసిరి. వారి కృషి గొప్పది. అయినను తాళ్లపాకవారు తమ పాటను ఏ పదముపై నిలిపిరో, ఏ పదమును విడిచి ముందుకు సాగిరో చెప్పగలవారు లోకమున లేరు.

స్వరము వ్రాసియుంచినంత మాత్రమున ఈ లోటు తీరునా? కర్నూలులో చిరకాలము నివసించి, 2013లో తొంబదితొమ్మిదేండ్ల వయస్సున ఆ నగరముననే కన్నుమూసిన శ్రీపాద పినాకపాణిగారు వృత్తిచే వైద్యులు, ప్రవృత్తిచే సంగీతాచార్యులు. వందలకొలది కృతులను స్వరపరచి గ్రంథస్థము చేసిన ఆ మహనీయుడే శిష్యులను ఎదుట కూర్చుండబెట్టుకొని గొంతుతో చెప్పుట మానలేదు. గమకము కాగితముపై గీత మాత్రమే. గొంతులో అది నడక. గ్రంథము దారి చూపగలదు గాని, నడచిన మనిషిని చూపలేదు.

ఇప్పుడు పరదేశపు సంపుటిని గూర్చి చెప్పుదుము. అమెరికాలో 1950ల నుండి వ్యాపించిన రాక్ సంగీతము విద్యుత్ గిటారులతో, పెద్ద డ్రమ్ములతో, వేలాది జనము ఎదుట మ్రోగు సంగీతము. ఆ పాటలు కట్టి పాడువారిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పేరు మోసినవాడు. న్యూజెర్సీ రాష్ట్రమున 1949లో జన్మించి, కార్మికుల, నిరుద్యోగుల, చిన్న ఊళ్ళ మనుష్యుల కథలను పాటలుగా మలచి, క్రీడామైదానములు నిండించిన గాయకుడు. అట్టివాడు 2017 అక్టోబరు నుండి 2018 డిసెంబరు వరకు న్యూయార్కులోని వాల్టర్ కెర్ నాటకశాలలో 236 ప్రదర్శనలు ఇచ్చెను. ఆ శాలలో వేయిమందికి కూడ చోటు లేదు. తన వాద్యబృందమును ఇంట నుంచి, విద్యుత్తుతో పనిలేని గిటారు ఒకటి, పియానో ఒకటి మాత్రము దగ్గర పెట్టుకొనెను. రెండు పాటలలో భార్య పాటీ స్కియాల్ఫా గొంతు కలిపెను. ఆ ప్రదర్శనను రికార్డు చేసి 2018 డిసెంబరులో సంపుటిగా వెలువరించిరి. అప్పటికి ఆయనకు అరువదితొమ్మిదేండ్లు.

ఇందులో పాటకు ముందు మాట కలదు. మన హరికథకుని వలె ఆయన తన బాల్యము, తండ్రితో పొసగని కాలము, ఊరు విడిచిన దినము చెప్పుకొనిపోయి, చెప్పుచు చెప్పుచునే పాటలోనికి దిగును. ఫ్యాక్టరీ గడప త్రొక్కకయే జీవితమంతయు ఫ్యాక్టరీ కార్మికుల పాటలు కట్టితినని మొదటనే ఒప్పుకొనును. సభ నవ్వును. ఆ నవ్వు ముగియకముందే వచ్చు పాట వినువారి మనస్సులో ఒక సందేహమును నాటును: మరి యీ బాధ ఎవరిది? సమాధానము కొంతసేపటికి దొరకును. అది అతని తండ్రిది.

ఈ సంపుటిలో మేము పలుమార్లు విన్నది 1984లో ప్రసిద్ధికెక్కిన ‘బార్న్ ఇన్ ది యు.ఎస్.ఏ.’ అను పాట. వియత్నాం యుద్ధము నుండి తిరిగివచ్చి, స్వదేశమున పని దొరకక తిరుగు సైనికుని గోడు అది. కాని 1984 నాటి రికార్డులో డ్రమ్ముల మ్రోత, పల్లవి యొక్క ఘోష వినినవారు దానిని విజయగీత మనుకొనిరి. పల్లవిలో దేశము పేరు వినిరి గాని, చరణములలోని దుఃఖము వినలేదు. ఆ యేడాది ఎన్నికల ప్రచారమున అధ్యక్షుడు రీగన్ సైతము ఈ గాయకుని పేరు చెప్పి, ఆయన పాటలలోని ఆశను పొగడెను. విచిత్రమేమనగా, 1982లో కవి తన యింట ఒంటిగా గిటారుతో ఈ పాటను తొలిసారి రికార్డు చేసికొన్నప్పుడు అది నిరాడంబరమైన శోకగీతమే. నాటకశాలలో దానిని మరల ఆ రూపమునకే తెచ్చెను. తీగలపై జారుచు వచ్చు ఒక కరకు నాదము, తర్వాత గొంతు. పల్లవికి జనము కేకలు వేయుటకు తావు లేదు. మూడున్నర దశాబ్దముల అపార్థము నాలుగైదు నిమిషములలో తొలగిపోవును.

ఇది కవి చమత్కారము మాత్రమే కాదు, శబ్దశాస్త్రము కూడ. మన మాటలో అచ్చులకు బలమెక్కువ, హల్లులకు తక్కువ. ‘స’కారము వంటి ఊష్మధ్వనుల శక్తి చాలవరకు సెకనుకు 4,000 కంపనములకు పైనుండును. కంచుతాళముల, విద్యుత్ వాద్యముల మ్రోత ఆ తావునే ఆక్రమించును. పెద్ద ధ్వని చిన్నధ్వనిని కప్పివేయును. అప్పుడు చెవికి రాగము అందును గాని, శ, ష, సల భేదము, ఒత్తు, పొల్లు అందవు. తెలుగు పాటలో ఒత్తు పోయిన అర్థమే మారవచ్చును. ఇక గాయకుడు ఆ మ్రోతను దాటుటకు అరవవలసివచ్చును. అరచు గొంతులో జాలికి చోటుండదు. వాద్యములు తగ్గినప్పుడు గాయకుడు మెల్లగా పాడగలడు. మెల్లగా పాడగలిగినవాడే నమ్మించగలడు.

సంపుటిలో లోపములు లేకపోలేదు. మాటలు మొదటిసారి వినుటకు ఇంపుగా నున్నను, రెండవ, మూడవ పర్యాయము కొంత బరువనిపించును. అవి దాదాపు మార్పులేక రాత్రి తర్వాత రాత్రి చెప్పిన మాటలు; తడుము చున్నట్లు తోచిన చోట కూడ తడుము లేదు, అభ్యాసమున్నది. మన కచేరీలో విద్వాంసుడు నిన్న పాడిన రాగమునే నేడు మరియొక దారిలో నడిపించును. ఆ మనోధర్మము ఇచ్చట ఆశించరాదు. మరియు ఈ నిరాడంబరత సామాన్యులకు అందినది కాదు. టికెట్టు వెల 75 డాలర్ల నుండి 850 డాలర్ల వరకు ఉండెను. పనివాని పాటను పనివాడు కొని వినలేని స్థితి యది. మా పల్లె పెద్దాయన పాటకు వెల లేదు. పళ్ళెములో పడిన చిల్లర, ఉదయమున ఒక పూట భోజనము.

అయినను ఈ సంపుటి యొక విషయమును స్థిరముగా చాటుచున్నది. వృద్ధాప్యము గొంతుకు నష్టమే గాని, పాటకు నష్టము కాదు. ముప్పది యేండ్ల వయస్సున కట్టిన పాటను డెబ్బదికి చేరువైనవాడు పాడునప్పుడు పై స్థాయి అందదు. ఊపిరి చాలక పాదమును రెండుగా విరుచును. విరిచిన చోట ఒక కొత్త అర్థము పుట్టును. తండ్రిపై కోపముతో కట్టిన పాట ఇప్పుడు తండ్రి వయస్సు దాటుచున్నవాని పాటయగును. అక్షరములు మారలేదు, పాడువాడు మారెను. సభవారి నిశ్శబ్దము కూడ ఇట్టి సంపుటిలో ఒక వాద్యమే. దగ్గునో, కుర్చీ కిర్రుమనుటనో తొలగించి శుభ్రము చేసిన రికార్డులో ఆ నిశ్శబ్దముండదు, ఉత్త ఖాళీ యుండును.

మన సీమలో ఇట్టి గొంతు లింకను కలవు. తత్త్వములు పాడువారు, వరినాట్లలో పాడు అవ్వలు, తాము కట్టిన పదములను తామే పాడుకొను పెద్దలు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసిన నాటినుండి ఎందరివో గొంతులు గాలిలో వినబడినవి. నేడు రికార్డు యంత్రము ఫోను రూపమున ప్రతి యింట నున్నది. కాని మనము పెద్దలను వేదిక నెక్కించినప్పుడెల్ల వెనుక కీబోర్డు పెట్టుచున్నాము, ముందు లౌడుస్పీకరు పెట్టుచున్నాము. గౌరవమనుకొని గొంతు నొక్కుచున్నాము.

కావున మా మనవి యిది. మీ యింట పాడు పెద్దలున్న వారిని ఒక సాయంకాలము తిన్నెపై కూర్చుండబెట్టుడు. ఎదుట నలుగురిని కూర్చుండబెట్టుడు. ఎవరును లేని గదిలో తత్త్వము పలుకదు. యంత్రమును మూరెడు దూరమున పెట్టుడు. ఏకతార యున్న నుండనిండు, మరేమియు వలదు. దగ్గు వచ్చిన ఆపవలదు, మరచిన చరణము నందించుటకు తొందరపడవలదు. చివర వారి పేరు, ఊరు, తేది, ఆ పాట ఎవరివద్ద నేర్చిరో వారినోటనే చెప్పించుడు. పాట తామే కట్టినదైన ఆ మాటయు చెప్పించుడు.

ఆ వేపచెట్టు క్రింది పెద్దాయన వద్దకు మేము మరుసటి సంవత్సరము మరల వెళ్ళితిమి. ఏకతారతో, ఒంటిగా, పట్టపగలు పాడించి రికార్డు చేసికొంటిమి. ఆ రికార్డు మావద్ద భద్రముగా నున్నది, మంచి పాటలే. కాని ముందటి పళ్ళు రెండు ఆ యేడాది ఊడిపోయినవి. మకుటమున ‘స’కారము గాలిగా పోవుచున్నది. చీకటిలో విన్న మూడు తత్త్వములలో ఒకటి ఆయనకు జ్ఞప్తికి రాలేదు. మాకును రాలేదు.