కొత్త స్పీడ్‌రన్ వస్తే పాత రికార్డు ఎప్పుడు తప్పుకోవాలి?

చెరకు లారీని కాటా మీద తూచాక, లారీ బరువు తీసేసి చెరకుకే లెక్క కడతారు. గేమ్‌ను వీలైనంత త్వరగా పూర్తి చేసే స్పీడ్‌రన్‌కీ అదే న్యాయం కావాలి.

ఒకరు ఫ్లాగ్‌షిప్ ఫోన్‌లో, నిజామాబాద్‌లో మరొకరు బడ్జెట్ ఫోన్‌లో ఒకే గేమ్ ఆడారనుకోండి. ఒక్కో లోడింగ్ స్క్రీన్ దగ్గర 2 సెకన్ల తేడా వచ్చినా, 20 స్క్రీన్లకు 40 సెకన్లు. అది ఫోన్ గొప్పతనం, ప్లేయర్‌ది కాదు. అందుకే చాలా గేమ్‌ల లీడర్‌బోర్డుల్లో లోడింగ్ టైమ్ తీసేసి చూస్తారు.

ఎమ్యులేటర్‌లో ఒక్కో ఫ్రేమ్ సరిచూసుకుంటూ చేసే రన్‌లకు టాస్‌వీడియోస్ సైట్ ఉంది. అక్కడ కొత్త రన్ అదే లక్ష్యంతో ఇంకా త్వరగా ముగియాలి. ఎమ్యులేటర్ తేడా వల్ల తగ్గిన టైమ్‌ను మెరుగుదల అనరు. పాత వీడియోను కూడా తీసేయరు, కొత్తది వచ్చిందని గుర్తు పెట్టి ఉంచుతారు.

మరి మన ఫోన్‌లో? రికార్డింగ్ 30 ఎఫ్‌పీఎస్ అయితే ఒక్క ఫ్రేమ్ దాదాపు 0.033 సెకన్లు. అంతకన్నా చిన్న తేడాను ఆ వీడియో రుజువు చేయలేదు. వీలుంటే 60 ఎఫ్‌పీఎస్ పెట్టండి, లోడింగ్ స్క్రీన్లు కట్ చేయకండి. అప్పుడు బడ్జెట్ ఫోన్ రికార్డు కూడా గట్టిగా నిలబడుతుంది.