క్రీడారంగమునకు ప్రజాధనము

ఆటలు దేహమునకు దార్ఢ్యమును, మనస్సునకు ఉల్లాసమును గలిగించుననుట నిర్వివాదము. కాని ధనికుల వ్యాపారమైన ఆటకు ప్రజలు పన్ను చెల్లింపవలెనా యనునది వేఱు ప్రశ్న.

అమెరికాలోని సెయింట్ లూయిస్ పౌరులు 2017 ఏప్రిల్ 4న దీనికి సమాధానమొసంగిరి. నగరమధ్యమున సాకర్ క్రీడారంగమునకై 6 కోట్ల డాలర్ల ప్రజాధనమిచ్చు ప్రతిపాదనను వారు వోట్లతో త్రోసిపుచ్చిరి. వారు పిసినారులు గారు. ఆ దినముననే రైలుమార్గ విస్తరణాదులకై అమ్మకపు పన్ను హెచ్చించుటకు సమ్మతించిరి.

పూర్వానుభవమే వారికి గురువు. ప్రజాధనముతో గట్టగా 1995లో తెఱువబడిన మందిరమును విడిచి, రామ్స్ అను ఫుట్‌బాల్ జట్టు 2016లో లాస్ ఏంజిలిస్‌కు తరలిపోయినది. అప్పు మాత్రము ప్రజల నెత్తిన నిలిచినది.

ప్రజాధనము లేనిదే క్రీడారంగము వెలయదనినవారికి కాలమే ప్రత్యుత్తరమిచ్చినది. టేలర్ కుటుంబీకుల నాయకత్వమున, కొన్ని పన్ను రాయితీలు పొందినను ప్రధానముగా స్వంతధనముతోనే, 22,500 మందికి చాలిన రంగము 2022లో ఆ నగరమధ్యముననే వెలసినది.

లాభము యజమానులకు, నష్టము ప్రజలకు అను నొడంబడిక ఏ దేశముననైనను న్యాయము గాదు. పురాభివృద్ధి పేర ధనమడుగువారిని లెక్క యడుగుట పౌరుల హక్కు మాత్రమే గాదు, ధర్మము గూడ.