లాంచీ ప్రయాణం – పెట్టెకు తాళం

పాపికొండలు చూడబోయే ప్రతి కుటుంబంలోనూ బయల్దేరే ముందు రాత్రి ఒక తగువు జరుగుతుంది. బట్టలు సర్దడం అయి, చేగోడీల డబ్బా ఏ సంచిలో పెట్టాలో తేలిన తరువాత, "ఇంతకీ దీనికి తాళం వెయ్యాలా, అక్కర్లేదా?" అని ఎవరో ఒకరు అంటారు. ఇంటాయన వెయ్యాలంటాడు. "పడవలో దొంగ ఎక్కడికి పోతాడండీ? గోదాట్లోకి దూకుతాడా?" అంటుంది ఇల్లాలు. ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది గనక తగువు తెగదు. తెల్లవారుజామున కారు వచ్చి హారన్ కొట్టేవరకూ సాగుతుంది.

మా గోదావరి జిల్లాలవాళ్ళకి ఈ "లాకు" అనే మాట కొత్తది కాదు. కాకపోతే మాకు లాకు అంటే పెట్టెది కాదు, కాలవది. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి, కాలవలు తవ్వించి, వాటిమీద పడవలు నడిచే ఏర్పాటు కూడా చేశాడు. నీటిమట్టం మారేచోటల్లా తలుపులు పెట్టించాడు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, నీళ్ళు ఎక్కించో దించో, ముందు తలుపు తీసేవారు. ధవళేశ్వరంలోనూ, ఆవలి ఒడ్డున విజ్జేశ్వరంలోనూ ఆ లాకులు చూడనివాడు డెల్టాలో అరుదు. ఆ లాకుకు ఒక సుగుణం వుంది సుమండీ: సమయానికి తెరుచుకుంటుంది. పెట్టె తాళానికి ఆ సుగుణం వుందని గట్టిగా చెప్పలేము.

మన పెద్దవాళ్ళు పెట్టెకు తాళం వెయ్యకుండా నీటి ప్రయాణం చేసేవారు కారు. దానికి కారణం వుంది. కాకినాడ నుంచి రంగూను వెళ్ళే రోజుల్లో స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదు. లోతు చాలక సముద్రంలో దూరంగా లంగరు వేసి నిలబడేది. మనుషులనూ, సామానునూ నావలమీద తీసుకుపోయి ఓడ ఎక్కించాలి. అంటే, ఇంటిదగ్గర బయల్దేరిన ట్రంకుపెట్టె ఓడలో చేరేలోపల బండివాడి చేతినుంచి కూలీకి, కూలీ చేతినుంచి నావవాడికి మారుతుందన్నమాట. యజమాని ఒక నావలో, పెట్టె మరో నావలో. అటువంటప్పుడు తాళం వెయ్యక చేసేదేముంది? ఓడ ఎక్కిన తరువాత డెక్ ప్రయాణికుడికి ఆ పెట్టే తలగడ.

నా మటుకు నాకు ఆ పాత పద్ధతిలోనే ఈ ధర్మసందేహానికి జవాబు వుందనిపిస్తుంది. పెట్టె మన కన్ను దాటిపోయేటప్పుడు తాళం కావాలి. మన పక్కనే వున్నంతసేపూ దానివల్ల లాభం కొంచెం, ఇబ్బంది ఎక్కువ. ఈ సంగతి మా తోడల్లుడుగారికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆయన వినే మనిషి కాదు.

2017లో సంక్రాంతి వెళ్ళిన తరువాత రెండు కుటుంబాలవాళ్ళం, మా అత్తగారిని తీసుకుని, రెండు రోజుల పాపికొండల ప్రయాణం పెట్టుకున్నాము. అప్పట్లో రాజమహేంద్రవరం నుంచి బస్సులో పురుషోత్తపట్నం తీసుకువెళ్ళి అక్కడ లాంచీ ఎక్కించేవారు. మా తోడల్లుడుగారు కోర్టు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. సీలు వెయ్యనిది ఏదీ భద్రం కాదని ఆయన నమ్మకం. జిప్పు సంచులు నాలిగింటికీ నాలుగు తాళాలు బిగించి, తాళంచెవులు నాలుగూ ఒకే రింగుకి గుచ్చి, చొక్కా పై జేబులో వేసుకున్నారు.

గండి పోచమ్మ గుడి దగ్గర లాంచీ ఆగింది. అమ్మవారి దర్శనం అయ్యాక, కాళ్ళు కడుక్కుందామని ఆయన రేవులో వంగారు. రింగు నీళ్ళల్లో పడింది. చిన్న చప్పుడైనా కాలేదు.

ముందు అందరం నవ్వుకున్నాము. పన్నెండున్నరకు భోజనాలు వడ్డిస్తున్నామని వంటవాడు కేకవేసినప్పుడు మా ఆవిడ మొహం మారింది. మా అత్తగారికి చక్కెర వ్యాధి. భోజనానికి ముందు ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఆ మందు చల్లటి డబ్బాలో పెట్టి, డబ్బాని "భద్రంగా" పెద్ద సంచిలో పెట్టాము. ఆ సంచికి తాళం. నది మధ్యలో వున్నాము. రెండు వైపులా కొండలు. మందుల దుకాణం ఎక్కడని? "ఒక్కపూట తినకపోతే ఏమవుతుంది నాయనా, మజ్జిగ తాగి పడుకుంటాను" అని ఆవిడ అంటూనే వుంది గాని, పొద్దున్న మందు పొడుచుకున్న మనిషి మధ్యాహ్నం తినకుండా వుంటే చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మందు లేకుండా తింటే అమాంతం పెరిగిపోతుంది. ఆవిడ చెయ్యి అప్పటికే కొంచెం వణుకుతున్నది.

లాంచీలో పనిచేసే కలాసీ కుర్రవాడు, పద్ధెనిమిదేళ్ళుంటాయేమో, వచ్చి సంచి చూశాడు. "బాబుగారూ, ఓ పెన్ను ఇవ్వండి" అన్నాడు. బాల్‌పెన్ను మొన జిప్పు పళ్ళమధ్య గుచ్చి పక్కకు లాగాడు. జిప్పు చీలిపోయినట్టు తెరుచుకుంది. అర నిమిషం పట్టలేదు. మా అత్తగారి డబ్బా బయటికి వచ్చింది. ఆ తరువాత వాడు చేసిన పని ఇంకా వింత: తాళంతో కట్టిపడేసిన ఆ రెండు జిప్పు పిడికలనూ కలిపి ఈ చివరినుంచి ఆ చివరికి లాగేసరికి సంచి ఎప్పటిలాగే మూసుకుంది. తాళం తాళంగానే వుంది. మా తోడల్లుడుగారు ఆ పెన్నుకేసి చాలాసేపు చూశారు. ఆ పెన్ను కూడా ఆయనదే.

అందుచేత జిప్పు సంచికి వేసే తాళాన్ని నమ్ముకోకూడదు. బస్సు డిక్కీలో కుదుపుకి జిప్పు తెరుచుకోకుండానూ, పోయేవాడు చెయ్యి పెట్టకుండానూ అది ఆపుతుంది. దొంగతనం వృత్తిగా పెట్టుకున్నవాడిని ఆపదు. గట్టి డొక్కు, లోపల బిగిసే కొక్కెం వున్న పెట్టె అయితే కొంత నయం. ఇంకొక్క మాట: రెండో తాళంచెవి. మా ఊళ్ళో సగంమంది దాన్ని అదే పెట్టెలో, అడుగున, పట్టుచీర మడతలో పెడతారు. అంతకన్నా పారెయ్యడం మేలు. ఒక చెవి మగవారి జేబులో వుంటే రెండోది ఆడవారి కొంగున ముడివేసి వుండాలి. పూర్వపు ముత్తైదువలు తాళాలగుత్తి బొడ్డున దోపుకునేవారంటే ఉత్త దర్జాకోసం కాదు.

ఇక తాళం తప్పకుండా వెయ్యవలసిన చోట్లు. పెద్ద పెట్టెలన్నీ లాంచీలోకి మోయడం దండగ గనక, చాలామంది రాజమహేంద్రవరం స్టేషను క్లోక్‌రూములో పడేసి, చిన్న సంచితో బయల్దేరుతారు. రైల్వేవారి క్లోక్‌రూములో తాళం వెయ్యని సామాను తీసుకోరు. అది వారి నిబంధన. రైలుపెట్టెలో సంగతి వేరు. బుక్ చేసి రసీదు తీసుకున్న సామానుకి రైల్వేవారు జవాబుదారీ. మన వెంట తెచ్చుకున్నదానికి, వారి నిర్లక్ష్యం రుజువైతే తప్ప, బాధ్యత లేదని 1989 నాటి రైల్వే చట్టం చెబుతున్నది. నడుముకి కట్టుకున్న లక్ష రూపాయలు రైల్లో పోయాయని ఒక ప్రయాణికుడు వేసిన కేసులో, అది రైల్వే సేవాలోపం కాదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టే తేల్చింది. కనక బెర్తు కింద ఇనుప కడియానికి గొలుసు వేసి బిగించేవాడిని చూసి నవ్వకండి.

ఇప్పుడు మనవాళ్ళు గోదావరితో ఆగడంలేదు. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరికీ చెన్నైకీ విహారనౌక నడిచింది. అమెరికాలో వున్న పిల్లలు తల్లిదండ్రులను అలాస్కా ఓడ ఎక్కిస్తున్నారు. సింగపూరు వెళ్ళినవారు అక్కడినుంచి మూడు రోజులు సముద్రం మీద తిరిగి వస్తున్నారు. ఆ ఓడల పద్ధతి విన్నప్పుడు నాకు మన కాకినాడ నావలే గుర్తుకొస్తాయి. రేవులో పెద్ద పెట్టెలు కూలీలకు అప్పగించి మనం చేతులూపుకుంటూ లోపలికి వెళ్ళాలి. పెట్టె కొన్ని గంటల తరువాత మన గది గుమ్మం ముందుకు వస్తుంది. దిగే ముందురాత్రి మళ్ళీ పెట్టెలు గుమ్మం బయట పెట్టెయ్యాలి. తెల్లవారాక ఒడ్డున పెద్ద హాలులో మనం వెతికి పట్టుకోవాలి. అంతసేపు కన్ను దాటి వుంటుంది గనక అక్కడ తాళం న్యాయమే. అయితే ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తులు వంటివి వుంటే తనిఖీలో ఆపేసి, తాళం తియ్యడానికి యజమానిని పిలుస్తారు. కనక తాళంచెవి వెంటనే వుండాలి.

అమెరికా విమానాశ్రయాల తనిఖీవారు తమ దగ్గర వున్న మారు తాళంచెవితో తెరవగల తాళాలు కొన్ని వున్నాయి. ఎర్ర డైమండు గుర్తు వుంటుంది. ఆ మారు తాళంచెవుల ఫొటో 2014లో ఒక పెద్ద పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడే ఎవరో దానిని చూసి నమూనాలు తయారుచేసి లోకానికంతటికీ పంచిపెట్టారు. దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడమంటే అదీ! ఏ ఓడైనా సరే, మందులూ, పాస్‌పోర్టులూ, మర్నాటి బట్టలూ చేతిసంచిలో వుండవలసిందే. ఆఖరి రాత్రి బట్టలన్నీ పెట్టెలో పెట్టి బయటికి నెట్టేసి, తెల్లవారి పైజమాతో ఓడ దిగినవారు కూడా వున్నారట.

కాని నేను ఈ వ్యాసం మొదలుపెట్టింది దొంగల గురించి చెప్పడానికి మాత్రమే కాదు. మన గోదావరి మీద సామాను పోయిందని ఏడ్చినవారికంటే మనుషులు పోయారని ఏడ్చినవారే ఎక్కువ. 2018 మే 11న దేవీపట్నం దగ్గర పర్యాటకుల లాంచీకి నిప్పంటుకుంది. లాంచీని ఒడ్డుకు చేర్చగలగడంచేత మనుషులంతా బయటపడ్డారు. ఆ మంటలో తమ సంచికి తాళం వేశామా లేదా అని ఎవరు తలుచుకుని వుంటారు? నాలుగు రోజులు తిరక్కుండానే, మే 15న, మంటూరు దగ్గర గాలివానకు ఇంకొక లాంచీ మునిగింది. అది యాత్రికులది కాదు, కొండమొదలు వైపునుంచి వచ్చే గిరిజనులది. జల్లు పడకుండా తలుపులూ కిటికీలూ మూసుకుని కూర్చున్నవారు బయటికి రాలేకపోయారని అప్పటి పత్రికలన్నీ రాశాయి. మరుసటి ఏడు, 2019 సెప్టెంబరు 15న, నది వరదలో వుండగా పాపికొండలకు బయల్దేరిన "రాయల్ వశిష్ఠ" కచ్చులూరు దగ్గర తిరగబడింది. అందులో డెబ్బైమందికి పైగా వున్నారు. ఒడ్డున వున్న గిరిజనులు తమ పడవలు వేసుకువచ్చి, చేతికి అందినవారిని లాగి బతికించారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న ఆ లాంచీని పైకి తీసేదాకా నెలరోజులకు మించి అది నీటి అడుగునే వుంది.

ఈ మాటలు చదివి ప్రయాణం మానుకోమని నేననను. రెండు కొండలూ దగ్గరికి వచ్చి, నది సందుగా మారి, లాంచీ చప్పుడు రెండువైపులనుంచీ తిరిగి వినిపించే ఆ అరగంటకోసం నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. 2020లో రాష్ట్ర ప్రభుత్వం రేవుల దగ్గర కంట్రోలు రూములు పెట్టింది. ఎక్కడం కూడా మారింది. పోలవరం పనుల మూలంగా పాత రేవులు వదిలి గండి పోచమ్మ గుడి దగ్గరే ఎక్కిస్తున్నారు.

మీరు ఎక్కినప్పుడు మాత్రం ఒకటి చూడండి. మనవాళ్ళు పెట్టెలు ఎక్కడ పెడతారు? మెట్ల పక్కన, గుమ్మంలో, కుర్చీల మధ్య దారిలో. తాళం వేసిన పెట్టె కళ్ళముందు వుండాలి కదా మరి! లైఫ్ జాకెట్ల మూట ఆ పెట్టెల వెనకపడుతుంది. ఎండగా వుందనీ, ఫొటోలో బాగుండదనీ, భోజనానికి అడ్డమనీ వేసుకున్న జాకెట్టు కూడా విప్పి, పెట్టె మీద పరుస్తారు. నాకు చేతనైతే ప్రతి రేవులోనూ పెద్ద పెట్టెలు లాంచీలోకి రానివ్వను. రెండు రోజులకు ఒక గుడ్డసంచి చాలు. మందులు, మంచినీళ్ళు, ఫోను, కాస్త డబ్బు పట్టే చిన్న సంచి భుజాన అడ్డంగా వేసుకోవాలి. దానికి తాళం వద్దు. మిగతా సంచులు దారికి అడ్డం లేకుండా సరంగు చూపించినచోట పెట్టాలి. జాకెట్టుకి మూడు బిళ్ళలుంటే మూడూ పెట్టుకోవాలి. పిల్లలకు పిల్లల కొలత జాకెట్లు వున్నాయో లేవో లాంచీ కదలకముందే అడగాలి. ఇంజను మొదలయ్యాక సరంగుకి మన మాట వినబడదు.