57 జె షీటులో కొండలు

సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, వాటితోపాటు కడప పట్నం, నాలుగూ ఒకే షీటులో ఇముడుతాయి. దాని పేరు 57 జె. ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ఉన్న ఆ చదరాన్ని మళ్లీ పదహారు ముక్కలు చేశారు. జమ్మలమడుగు, గండికోట అయిదో ముక్కలోకి వచ్చాయి. పులివెందుల మూడో ముక్క. చిక్కంతా ప్రొద్దుటూరుతోనే. రెండు ముక్కలు అతికే 14 డిగ్రీల 45 నిమిషాల గీత ఆ ఊరిని ఆనుకునే పోతుంది. షీట్లు కలిపి గోడకు అంటిస్తే ఊరు అతుకులో పడుతుంది. జీఐఎస్ మనకు చేసిన మొదటి మేలు ఈ అతుకులు తీసేయడమే. కొండ గాని, వంక గాని షీటు అంచు వచ్చిందని ఆగవు కదా.

జీఐఎస్ అంటే భౌగోళిక సమాచార వ్యవస్థ. పేరు బరువైనదే గాని పని తేలిక. ఒకే చోటి వాలు, రాయి, మట్టి, చెట్టు, నీరు, ఊరు, వీటిని వేరువేరు ట్రేసింగు కాగితాల మీద గీసి, ఒకదాని మీద ఒకటి పరిచి, వెలుతురుకు పట్టి చూడటం. ఆ కాగితాలను కంప్యూటరు పట్టుకుంటుంది, అంతే తేడా.

* * *

ఇంతకీ మన కొండలు కొండలేనా? నవ్వొద్దు, దీనికో లెక్క ఉంది. 2002ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ పర్వతాల సంవత్సరంగా జరిపింది. అంతకు కొద్దిగా ముందే, ప్రపంచంలో ఏది పర్వత ప్రాంతమో తేల్చడానికి ఆ సమితి పర్యావరణ కేంద్రం ఒక కొలత పెట్టింది. సముద్రమట్టానికి 300 నుంచి 1000 మీటర్ల మధ్య ఉన్న నేల అయితే, చుట్టూ 7 కిలోమీటర్ల మేర ఎత్తుపల్లాల తేడా 300 మీటర్లు దాటాలి. భూమ్మీద ఒక్కో చదరానికీ ఈ లెక్క కట్టడం మనిషి వల్ల కాదు, జీఐఎస్ పనే. వేంపల్లె, కడపల పక్కనున్న పాలకొండలు ఇందులో గట్టెక్కుతాయి. గండికోట దగ్గర ఎర్రమలకు మాత్రం కష్టమే. అక్కడ లోయ లోతు 300 అడుగులంటారు, పరీక్ష అడిగేది 300 మీటర్లు. అయినా కోట గోడ మీద నిలబడి పెన్నలోకి తొంగిచూసిన వాడికి ఈ సంగతి చెప్పి చూడండి.

* * *

పులివెందుల పేరు చెబితే రాజకీయం గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు ఒక రాయి గుర్తొస్తుంది. కడప బేసిన్‌లో ఒక గట్టి ఇసుకరాతి పొర పేరు పులివెందుల క్వార్ట్‌జైట్. వేంపల్లె పేరుతో డోలమైటు పొర ఉంది, గండికోట పేరుతో మరో క్వార్ట్‌జైట్ ఉంది. జమ్మలమడుగు పేరు ఏకంగా ఒక రాతి వర్గానికే పెట్టారు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద పుస్తకం అచ్చువేసినప్పటి నుంచి మన ఊళ్లు భూగర్భ శాస్త్రంలోకి ఎక్కుతూ వచ్చాయి. పొరల మధ్య కరిగిన రాయి దూరి పలకలా గడ్డకట్టిన చోట్లు పులివెందుల చుట్టూ ఉన్నాయి. వాటిలో ఒకదాని వయసు దాదాపు 188.5 కోట్ల సంవత్సరాలని తేల్చారు. ఆ వేడికి పక్కనున్న డోలమైటు మారిపోయి రాతినార పుట్టింది. పులివెందుల పక్క రాతినార గనులు వచ్చింది అందుకే. తుమ్మలపల్లె యురేనియం దొరికేది కూడా వేంపల్లె డోలమైటులోనే. ఏ రాయి పొర ఎటు వాలి ఉందో తెలిస్తే గని ఎటు పోతుందో తెలుస్తుంది. గని పక్క ఊరి బావి ఏ పొర మీద ఉందో చూడటం కూడా అదే పటంతో అయ్యే పని. నన్నడిగితే రెండో చూపుకే ఎక్కువ అవసరం ఉంది.

* * *

జీఐఎస్‌లో పటం ఒక సగం. ఆ పటంలో ప్రతి గుర్తు వెనకా ఒక పట్టిక ఉంటుంది: ఊరి పేరు, చెరువు, గుడి, సాగు ఎంత, బీడు ఎంత. ఈ పద్ధతి మనకు రెండు వందల ఏళ్ల కిందటే ఉంది. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి అప్పజెప్పాక కర్నల్ కాలిన్ మెకంజీ దత్తమండలాలను సర్వే చేయించాడు. 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయింది ఆయనే. కావలి లక్ష్మయ్య వంటి తెలుగువాళ్లు, వాళ్ల కింది మనుషులు ఊరూరా తిరిగి కరణాలను అడిగి కైఫీయత్తులు రాసుకొచ్చారు. పొలిమేరలు ఏవి, చెరువు ఎవరు తవ్వించారు, ఇనాం ఎవరికి, వంక ఎటు పారుతుంది, అన్నీ. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి ప్రతులు రాయించాడు. కడపలో ఆయన పేరుతో ఉన్న పరిశోధన కేంద్రం మన జిల్లావి అచ్చు కూడా వేసింది. ఇవాళ ఉపగ్రహ చిత్రంలో గడ్డి మొలిచిన ఒక గుంట కనిపిస్తే అది చెరువా, పాడైన గనా అని తలగోక్కునేవాళ్లకు కైఫీయత్తు తిరగేస్తే జవాబు దొరకొచ్చు. ఎందుకో ఆ రెండు పనులు చేసేవాళ్లు ఒకరి గడప ఒకరు తొక్కరు.

* * *

వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండను చీల్చుకుని బయటపడే చోటు గండి. పేరులోనే పటం ఉంది. గండికోటలోనూ అదే మాట. నదికి అడ్డంగా కొండ, కొండకు అడ్డంగా నది ఉన్న చోటు ఎత్తుల పటంలో కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. గండిలో రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి బొమ్మ గీశాడని, చిటికెన వేలు మిగిలిపోయిందని కథ. వాయుదేవుడు రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని మరో కథ. అది కొందరికే కనిపిస్తుందట. మద్రాసు గవర్నరు థామస్ మన్రోకు కనిపించిందని, అందుకే ఆయన ఎక్కువ కాలం బతకలేదని జనం చెప్పుకున్నారు. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మన్రోకు ముందు నుంచీ ఈ సీమతో పని ఉంది. దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి పొలం పొలం కొలిపించినవాడు ఆయనే. గొలుసుతో కొలిచినవాడికే తోరణం కనిపించిందన్నమాట.

* * *

2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 11 రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో ఎత్తులు కొలిచింది. ప్రపంచంలో చాలామంది వాడే కొండల ఎత్తుల లెక్క అదే. అందులో చిన్న చదరం 30 మీటర్లు. మనది కూడా ఒకటుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1లో ఒక కెమెరా ముందుకు, మరొకటి వెనక్కి వంగి ఉండేవి. రెండు కళ్లతో చూస్తేనే లోతు తెలిసినట్టు, రెండు చిత్రాలు కలిపితే గుట్ట లేచి నిలబడుతుంది. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో మిల్లీగ్రాము తేడాకు తగవులాడేవాళ్లకు 30 మీటర్ల లెక్క అంటే నవ్వు రావచ్చు. వంక ఎటు పారుతుందో చెప్పడానికి అది చాలు. ఇంటి అరుగు దాకా నీళ్లొస్తాయా అని అడిగితే చాలదు.

ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారు. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఎంత ఎత్తుకు నీరు నిలిపితే ఏ ఊరు మునుగుతుందన్నది ఒక గీత చెబుతుంది. సమాన ఎత్తులను కలిపే ఆ గీతను ఇంజనీర్లు కాంటూరు అంటారు. కోట దగ్గర పెన్న ఇరుకు లోయలో ఉంటుంది, గోడల్లాంటి బండలు. అక్కడ నీరు మీటరు పెరిగినా పక్కకు పాకదు. పైకి పోయేకొద్దీ, కొండాపురం వైపు, నేల పళ్లెంలా పరుచుకుంటుంది. అక్కడ అదే మీటరు పొలాల మీదికి, వీధుల మీదికి నడుస్తుంది. 2020లో నీటి మట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వీధుల్లోకి నీళ్లొచ్చాయి, ఊరు ఖాళీ చేయాల్సి వచ్చింది. కాంటూరు ఎప్పుడో గీసి ఉంది. ఆ గీతకు ఈ పక్కన ఉన్న ఇల్లు ఎవరిది, అందులో ఎంతమంది, పెళ్లయిన కొడుకును వేరే కుటుంబంగా లెక్కిస్తారా లేదా, ఇవన్నీ పట్టికలో నింపాల్సినవి. ఏ ప్రాజెక్టులోనైనా తగవులు పట్టిక దగ్గరే మొదలవుతాయి, గీత దగ్గర కాదు.

* * *

పులివెందుల చీనీ తోటల రైతుకు కొండ అంటే నీటి బ్యాంకు. కొండ మీద పడిన వాన రాతి పగుళ్లలోకి ఇంకి కింది తోటకు వస్తుంది. ఉపగ్రహ చిత్రంలో ఆ పగుళ్లు పట్టుబడతాయి: వంక ఉన్నట్టుండి గీత గీసినట్టు తిన్నగా పోతుంది, ఎండాకాలంలో కూడా ఒక వరసలో చెట్లు పచ్చగా ఉంటాయి. హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సంస్థ తాగునీటి మిషన్ కోసం భూగర్భ జలాల పటాలు తయారు చేసినప్పుడు ముందు విడతలోనే ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ పటంలో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. ఇక్కడే పేచీ. అరచేతిలో టెంకాయ పట్టుకుని నీటి జాడ కోసం చేను తిరిగే మనిషి ఇదిగో ఇక్కడ అని అడుగు చూపిస్తాడు. పటం ఈ దిక్కున అవకాశం ఎక్కువ అంటుంది. బోరు బండి నిలబడేది అడుగులోనే కాబట్టి రైతు టెంకాయనే నమ్ముతాడు. పటం వల్ల లాభం వేరే చోట ఉంది. ఎక్కడ వేయకూడదో, కొండ పైన ఎక్కడ నీటిని ఆపితే కింద బోర్లు ఊరతాయో అది చెబుతుంది. వాటర్‌షెడ్ పనుల్లో శిఖరం నుంచి లోయకు అనే మాట అందుకే వచ్చింది. ముందు కొండ వాలున కందకాలు, తర్వాత వంకల్లో రాతి కట్టలు, చివరికి చెక్‌డ్యాం. వరస తప్పించి ముందే కింద చెక్‌డ్యాం కడితే రెండు వానలకు మట్టితో పూడుతుంది.

* * *

ఉపాధి హామీలో తవ్విన పంట కుంటకు ఇప్పుడు మూడు ఫొటోలు తీస్తారు: తవ్వకముందు, తవ్వుతుండగా, తవ్వాక. ఫోన్ ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో ఫొటోను ఇస్రో వారి భువన్ పటం మీదికి ఎక్కిస్తుంది. 2016లో మొదలైన ఏర్పాటు ఇది, మూడు దశల ఫొటోలు తర్వాత వచ్చాయి. కాగితం మీద మాత్రమే ఉన్న కుంటలకు కాస్త చెడ్డ కాలం వచ్చింది.

* * *

2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలింది. ఊళ్లో కురిసిన వాన దానికి చాలదు. నీరు ఎక్కడో ఎగువన కొండల మీద పడింది, జలాశయం నుంచి వదిలితే కిందికి వచ్చింది. పాపఘ్ని పుట్టింది కర్ణాటకలో, పెన్న పుట్టింది నంది కొండల్లో. మన జిల్లా పటం అక్కడిదాకా రాదు. నది పటానికి జిల్లా ఉండదు.

* * *

వేసవిలో పాలకొండల మీద మంట లేస్తే ఇప్పుడు ఉపగ్రహం చూసి డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ ద్వారా అటవీ సిబ్బంది ఫోనుకు సందేశం పంపుతుంది. దాని చూపు 375 మీటర్ల చదరం. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ప్రధానంగా ఈ కొండల్లో, వీటి పొరుగు కొండల్లోనే కాబట్టి ఆ చదరంలో కాలేది మామూలు కంప కాకపోవచ్చు.

* * *

ఇక కలివికోడి. 1848లో జెర్డన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు లెక్కకెక్కించిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. 1986లో సిద్ధవటం, బద్వేలు మధ్య రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. పట్టుకుంది పిట్టలు పట్టే స్థానికుడు, రాత్రిపూట టార్చిలైటు వేసి. తర్వాత పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో ఈ పొదల అడవి ఎక్కడెక్కడ ఉందో గీశారు. మరీ దట్టం కాకుండా, మరీ పలచన కాకుండా, హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటు ఆ పక్షికి ఇష్టమని తేలింది. 1991, 2000 చిత్రాలు పోల్చితే ఆ పొదలు తగ్గుతున్నాయి. ఆ మధ్య తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పక్షి తిరిగే చోటికే వస్తే పని ఆపించి దారి మళ్లించారు కూడా. పక్షి మాత్రం రాత్రి తిరిగేది, బిడియం ఎక్కువ. అది వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వెళ్లి అడుగుజాడలు వెతికేవాళ్లు.