మౌనం ముగింపు కాదు

ఏళ్ల తరబడి కవిత్వం చదివి, రాసిన తర్వాత మనలో చాలామందికి ఒక భయం పట్టుకుంటుంది. నెలలు గడిచినా ఒక్క పంక్తీ రాదు. ఇక మన పని అయిపోయిందనుకుని, కవితలు రాసుకున్న బయాజ్‌ను బీరువాలో దాచేస్తాం.

ఈ భయానికి మఖ్దూం మొహియుద్దీన్‌ జీవితమే జవాబు. 1908లో అందోలులో పుట్టిన ఆయన తొలి సంపుటి ‘సుర్ఖ్‌ సవేరా’ 1944లో వెలువడింది. రెండోది ‘గులె తర్‌’ రావడానికి 1961 దాకా, అంటే 17 ఏళ్లు పట్టింది. ఆ నడుమ కార్మిక సంఘాలు, తెలంగాణ పోరాటం, జైలు. అయినా కవిత్వంపై ప్రేమ చల్లారలేదు. నజ్మ్‌లతో పేరు పొందిన కవి, యాభై దాటిన వయసులో గజల్‌ చేపట్టారు. ‘బిసాతె రక్స్‌’కు 1969లో సాహిత్య అకాడమీ అవార్డు లభించింది.

కలం కదలని రోజుల్లో చదువుదాం, ముషాయిరాలో ఇతరులను విందాం, ఇంతవరకు ముట్టని ప్రక్రియ ఒకటి నేర్చుకుందాం. బయాజ్‌ను మాత్రం బీరువాలోంచి బయటికి తీసి ఉంచుదాం.